మనుషులు దొరకట్లేరా? ముందు లెక్క తీద్దాం

ఈసారి ఉత్తరాలు ఎక్కువ శాతం పనోళ్ల గురించే వచ్చినయి. మూడింటికి జవాబు ఇస్తున్న, మొదటిది చాలామందికి పనికొచ్చేది కాబట్టి దానికి కొంచెం ఎక్కువ జాగా తీసుకున్న.

ప్రశ్న: నమస్తే అన్నా. మాది నర్సంపేట దగ్గర చిన్న కుట్టు యూనిట్. ఇప్పుడు 35 మంది ఆడోళ్లు చేస్తున్నరు, జనవరి నుంచి పెద్ద ఆర్డర్ ఉంది, ఇంకో 60 మంది ఆపరేటర్లు కావాలె. మా ఆడిటర్ గారేమో నిరుద్యోగం ఇంత శాతం అని రోజూ పేపర్ల వస్తది గదమ్మా, మనుషులకు ఏం కొదువ అంటడు. కానీ పోయినేడు వాట్సాప్ గ్రూపులల్ల పెట్టి, గేటుకు ఫ్లెక్సీ కట్టి పిలిస్తే వచ్చినోళ్లల్ల చాలామంది నెల తిరగకముందే మానేసిన్రు. సర్కారు లెక్కలు చూసి ముందే ప్లాన్ చేస్కోవచ్చని ఒకరు చెప్పిన్రు. ఏ లెక్క చూడాలె, ఎట్ల చూడాలె? జీతం గ్రాస్ 12 వేలు, ట్రైనింగ్ నెలన్నర. — ఒక చెల్లె, నర్సంపేట

జవాబు: చెల్లె, జనవరి ఆర్డర్‌కు జూన్‌లనే అడిగినవ్, మంచి పని చేసినవ్. ముందుగాల ఆ ఆడిటర్ గారి శాతం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడ్నే చాలామంది తప్పుదారి పడుతున్నరు.

పేపర్ల వచ్చే నిరుద్యోగ రేటు పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే శ్రామిక శక్తి సర్వేది, కేంద్రం కింద ఉన్న జాతీయ గణాంక కార్యాలయం 2017 ఏప్రిల్ నుంచి చేస్తున్నది. 2025 జనవరి నుంచి పద్ధతి మార్చి నెలనెలా కూడా ఇస్తున్నరు కానీ నెలనెలా వచ్చేది దేశం మొత్తానిది, రాష్ట్రం అంకె కావాలంటే మూడు నెలల బులెటిన్ గానీ ఏడాది రిపోర్టు గానీ చూడాలె. దాంట్ల నర్సంపేట ఎక్కడుంటది చెప్పు. అది సరే, అసలు సంగతి ఇంకోటుంది. ఆ నెల లెక్కల వారం పద్ధతి అని ఒకటి వాడుతరు, అంటే గడిచిన 7 రోజులల్ల ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేసినా ఆ మనిషి పనిలో ఉన్నట్టే రాసుకుంటరు. సొంత చేన్ల జీతం లేకుండ పని చేసే ఆడబిడ్డ కూడా పనిలో ఉన్నట్టే. ఇగ ఇంట్ల వంట, పిల్లలు చూసుకుంటూ బయట పని అడగని ఆమె నిరుద్యోగి కాదు, ఆమె అసలు శ్రామికుల లెక్కలనే ఉండదు. ఇప్పుడు నీ యూనిట్‌కు వచ్చేటోళ్లెవరు, వారంల రెండు మూడు రోజులు కూలికి పోయి మిగతా రోజులు ఖాళీగ ఉండేటోళ్లు, చిన్నపిల్లలు బడికి పోవుడు మొదలైనంక ఏదన్న చేద్దామని ఇంట్ల ఆలోచిస్తున్నోళ్లు. ఈ రెండు రకాలూ నిరుద్యోగ రేటుల కనవడరు. రేటు తక్కువుంటే భయపడకు, ఎక్కువుంటే మనుషులు లైన్ కడతరని ఆర్డర్ ఒప్పుకోకు.

ఆ రిపోర్టుల నువ్వు చూడాల్సిన అంకె వేరే, తెలంగాణ గ్రామాల ఆడోళ్లల్ల పనిలో ఉన్నోళ్లు ఎంత శాతం, వాళ్లల్ల సొంత వ్యవసాయం ఎంత, రోజుకూలి ఎంత, నెల జీతం మీద ఉన్నోళ్లు ఎంత అనేది. నెల జీతం వాటా ఎంత చిన్నదో చూస్తే ఫ్యాక్టరీ టైమింగ్స్ అలవాటు లేనోళ్లనే నువ్వు ఎక్కువగ తీసుకోబోతున్నవని అర్థమైతది. వచ్చినోళ్లు నెలల మానేసుడుకు సగం కారణం అదే అని నేననుకుంటున్న, పొద్దున తొమ్మిదికి గేటు, సెలవు అడిగితె గుణుగుడు, చుట్టాల పెండ్లికి పోతె జీతం కట్, పొలం పనికి అలవాటు పడ్డ మనిషికి ఇది మస్తు కష్టం.

రాష్ట్రం నుంచి ఊర్లకు దిగాలంటే జనగణనే దిక్కు. 2011 జనగణనల ఊరూరికీ ఒక వరస ఉంటది, ఆడ మగ వేరువేరుగా జనం ఎంత, చదువుకున్నోళ్లు, ఏడాదిల 6 నెలలకు పైగ పని ఉన్నోళ్లు, 6 నెలలకంటే తక్కువ పని దొరికినోళ్లు, పని లేనోళ్లు. ఈ 6 నెలలకంటే తక్కువ పని దొరికిన ఆడోళ్ల కాలమ్ ఉంది చూడు, నీకు బంగారం అది. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆ లెక్క పాతబడ్డది, కొత్త జనగణన జనం లెక్క 2027 ఫిబ్రవరిల అని పెట్టుకున్నరు, అప్పటిదాక మంది సంఖ్యను నమ్ముకోకుండ ఏ ఊర్ల ఎక్కువ ఏ ఊర్ల తక్కువ అనే పోలికకే వాడుకో. రెండోది, 2011ల వరంగల్ జిల్లా అంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అన్నీ కలిసి 35 లక్షల మంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టిన్రు, మళ్ల 2021ల వరంగల్ అర్బన్‌ను హన్మకొండ అని, రూరల్‌ను వరంగల్ అని మార్చిన్రు. జిల్లా పేరు చూసి అంకె తీస్కుంటే మొత్తం తప్పైతది. అందుకే జిల్లా లెక్క వదిలేసి ఊర్ల పేర్లు పట్టుకో, ఊర్లైతే ఎక్కడికీ పోలేదు గదా. కొత్త లెక్కలు కావాలంటే కలెక్టరేట్‌ల ముఖ్య ప్రణాళిక అధికారి ఆఫీసు ఉంటది, సీపీఓ ఆఫీసు అంటరు, జిల్లా గణాంకాల పుస్తకం వాళ్లదే.

ఏ ఊర్లు అంటవా? ఇక్కడ మ్యాప్ మీద కంపాస్ పెట్టి గీత గీయకు, బస్సు చూడు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ లేదు, దీంతోని నీకు మనుషులొచ్చే ఏరియా పెరిగింది, అంతకుముందు దారి ఖర్చుకు వెనకాడిన ఊర్లు కూడా ఇప్పుడు లెక్కలకొస్తయి. దుగ్గొండి, చెన్నారావుపేట, నల్లబెల్లి, ఖానాపురం, నెక్కొండ, ఈ మండలాల నుంచి నర్సంపేటకు పొద్దున షిఫ్టుకు ముందు దిగే బస్సు ఏది, సాయంత్రం ఆఖరు బస్సు ఎన్నింటికి, డిపోల అడిగి ఒక కాగితం మీద రాస్కో. పొద్దున బస్సు ఉండి సాయంత్రం లేకపోతె ఆ ఊరు కొట్టెయ్, ఒకామెనైతె ఎవరన్న బండి మీద దించుతరేమో గానీ పది మందిని ఎవరు దించుతరు. మిగిలిన ఊర్లకు జనగణన కాలమ్ కలుపుకుంటే ఏ ఊరికి మొదలు పోవాల్నో నీకే తెలుస్తది.

ఇగ నెలల సంగతి, నన్నడిగితె అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. జనవరిల 60 మంది మిషన్ మీద కూసోవాలంటే నవంబర్ నడుమల ట్రైనింగ్ మొదలు కావాలె, అంటే దసరా అయినంక పిలవాలె. అప్పుడేముంటది? పత్తి ఏరుడు. పత్తి ఒడవకముందే యాసంగి నాట్లు, ఆ వెంటనే మిర్చి తెంపుడు, అది ఏప్రిల్ దాక సాగుతది. నీ ఆర్డర్ ఖచ్చితంగ మీ దిక్కు కూలి బాగ పలికే నెలలల్ల పడ్డది. దీనికి కూడా లెక్క దొరుకుతది, ఉపాధి హామీ పని ఎంతమంది అడిగిన్రో మండలాల వారీగ, నెలలవారీగ పాత రిపోర్టులు వెబ్‌సైట్‌ల ఉన్నయి. ఏ నెలల ఆ అంకె లేస్తదో ఆ నెలల ఊర్ల వేరే పని లేదన్నట్టు, ఏ నెలల పడిపోతదో అప్పుడు నీకు మనుషులు దొరుకుడు కష్టం. గత మూడేండ్లవి మీ మండలాలకు తీసి పక్కపక్కన పెట్టుకో.

జీతం కూడా ఇట్లనే నెలల మీద పెట్టి చూడు. నీ 12 వేలు మొత్తం బేసిక్, డీఏ కిందనే ఉన్నదనుకుంటే పీఎఫ్ 12 శాతం 1,440, ఈఎస్ఐ 0.75 శాతం 90 పోను చేతికొచ్చేది 10,470. మిర్చికి రోజుకు 500 అనుకుందాం, అసలు రేటు నువ్వే ఊర్ల అడుగు, నెలకు 22 రోజులు పోతె 11 వేలు, అదీ ఏ రోజు పైసలు ఆ రోజో ఆ వారమో చేతిల పడుతయి. ఆ మూడు నెలలు నువ్వు ఓడిపోతున్నవ్ చెల్లె, మిగతా తొమ్మిది నెలలు గెలుస్తున్నవ్. అందరికీ ఏడాదంతా జీతం పెంచలేవు గాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక హాజరు బోనస్ పెట్టు, సాధ్యమైతె జీతం పదిహేను రోజులకోసారి ఇయ్యి. పిలిచేటప్పుడే ఈఎస్ఐ అంటే ఇంటిల్లిపాదికి వైద్యం, కాన్పుకు 26 వారాల జీతం సెలవు అని ఇంట్ల పెద్దోళ్లు కూడా ఉన్నప్పుడు చెప్పు. వాళ్లు ఒప్పుకుంటేనే ఆ పిల్ల నిలవడతది. ఒప్పుకునే ముందు కార్మిక శాఖ కనీస వేతనం జీవోల నీ పనికి ఎంతుందో కూడా ఒక్కసారి చూస్కో, డీఏ మారుతుంటది.

60 మంది కావాలంటే 60 మందిని పిలిస్తే సరిపోదు. నీ పోయినేటి హాజరు రిజిస్టర్ తీయ్, చేరిన ప్రతి పది మందిల మూడు నెలల తర్వాత ఎంతమంది ఉన్నరు? ఆరుగురే అనుకుందాం, అట్లైతె 60 నిలవాలంటే 100 మంది చేరాలె, 100 మంది చేరాలంటే ఇంకెంతమందితోని మాట్లాడాల్నో ఊహించుకో. ఏ సర్కారు లెక్క కన్నా ఈ రిజిస్టరే నీకు దగ్గరిది. మానేసినోళ్ల ఊరు, నెల, కారణం కూడా పక్కన రాస్కుంటే వచ్చే ఏడాదికి నీ సొంత గణాంకం తయారైతది.

నేనైతె ఏం చేస్తనంటే, వానాకాలం నాట్లు ఒడిసినంక ఆగస్టు ఆఖరుకు సగం మందిని తీసుకుని ట్రైనింగ్ ఇస్త, ఉన్న పనిలనే సర్దుత, జీతం భారం రెండు మూడు నెలలు ఎక్కువ పడ్డా ఆర్డర్ లేటై పెనాల్టీ కట్టుడు కంటే నయం. మిగతా సగానికి మహిళా సంఘాల మండల సమాఖ్యకు పోయి మాట్లాడు, 2024ల బడి యూనిఫామ్‌లు కుట్టే పని మహిళా సంఘాలకే ఇచ్చిన్రు, అంటే ఏ ఊర్ల మిషన్ వచ్చినోళ్లు ఎవరున్నరో వాళ్లకు పేర్లతో తెలుసు. ఒక మాట మాత్రం మర్చిపోకు, గీసుగొండ, సంగెం దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ ఉంది, అక్కడి పెద్ద కంపెనీలు కూడా ఇవే ఊర్ల నుంచి బస్సులు పెట్టి తీస్కపోవచ్చు. వాళ్ల జీతం, వాళ్ల బస్సు రూట్ తెలుసుకోకుండ నీ లెక్క పూర్తి కాదు.

ప్రశ్న: సార్, హన్మకొండలో మాది చిన్న ఐటీ సర్వీసెస్ ఆఫీస్. ఇన్ని కాలేజీలున్నయ్, అయినా తీసుకున్న ఫ్రెషర్ ఏడాది తిరిగేసరికి హైదరాబాద్ పోతుండు. ఎంతమందిని ఎప్పుడు తీస్కోవాలో అంచనా వేసే లెక్క ఏదన్న ఉందా? — ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఉంది, అదీ ముందే దొరికే లెక్క. ఈ ఏడాది బయటకొచ్చే డిగ్రీ పిల్లలు మూడేండ్ల కింద దోస్త్‌ల చేరినోళ్లే గదా. దోస్త్, 2016 నుంచి నడుస్తున్న డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్. అట్లనే ఇంజనీరింగ్‌కు నాలుగేండ్ల కిందటి కౌన్సెలింగ్ సీట్లు. కాలేజీ వారీగ, కోర్సు వారీగ నిండినవి చూసి, సెమిస్టర్ పాసైన శాతం కాలేజీలనే అడిగితె వచ్చే మే, జూన్‌ల చేతికొచ్చేది ఎంతమందో ముందే తెలుస్తది. చదువుకున్న యువతల నిరుద్యోగం మొత్తం మీది రేటు కంటే ఎక్కువ ఉంటదని పీఎల్‌ఎఫ్‌ఎస్ ఏటా చూపిస్తనే ఉన్నది, కానీ అది చూసి తక్కువ జీతానికైనా వస్తరు అనుకోవద్దు, ఇంట్ల అన్నం ఉన్నదాక మంచి కొలువు కోసం ఆగేటోళ్లే వాళ్లల్ల ఎక్కువ.

హైదరాబాద్ పోవుడు ఆపలేరు, దాన్ని లెక్కల పెట్టుకోవాలె. ఏడాదికి ఎంతమంది పోతున్నరో అంతమందిని ముందుగాలనే తీస్కునేటట్టు చూడండి, నిట్ పిల్లల ఎంబడి పడకండి, వాళ్ల మార్కెట్ దేశమంతా. మీకు నిలిచేటోళ్లు వేరే ఉన్నరు, పెండ్లయి వరంగల్‌ల సెటిలైనోళ్లు, అమ్మానాన్నలను చూసుకోవాలని హైదరాబాద్ నుంచి వాపస్ వద్దామనుకునేటోళ్లు. మడికొండల ఐటీ కంపెనీలు వచ్చినంక ఇంటికాడ ఉండి కూడా చేయొచ్చన్న నమ్మకం కొంత పెరిగింది. వాళ్లకు రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు, ఫ్రెషర్‌కు ఆర్నెల్లు నేర్పి పోగొట్టుకునే ఖర్చు ఒక్కసారి రాసి చూడండి. ఇంకోటి, మేడారం జాతర ఉన్న ఏడు జనవరి, ఫిబ్రవరి నెలలల్ల ప్రాజెక్ట్ డెడ్‌లైన్ పెట్టుకోకండి, సగం ఆఫీసు అక్కడే ఉంటది. 2026ల జనవరి 28 నుంచి 31 దాక అయింది, రెండేండ్లకోసారి కాబట్టి మళ్ల 2028.

ప్రశ్న: జగిత్యాలలో వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ పెడుతున్నం. గల్ఫ్ నుంచి వాపస్ వచ్చినోళ్లు మస్తుమంది ఉన్నరంటరు, లెక్క ఎక్కడ దొరుకుతది? — ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పోయినోళ్ల లెక్కే సగం అన్నా. విదేశాంగ శాఖ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి బయటదేశం పోయేటందుకు ఇచ్చే అనుమతి) లెక్కలు ఇస్తది గానీ పదో తరగతి పాసైనోళ్లకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి వాళ్లు దాంట్ల ఉండరు, విజిట్ వీసా మీద పోయినోళ్లు కూడా ఉండరు. వాపస్ వచ్చినోళ్లయితె అందులో అసలే రారు. అందుకే దాన్ని పట్టుకుని షెడ్డు సైజు నిర్ణయించకండి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఊర్లల్ల గల్ఫ్ సంఘాల వాళ్లను కలవండి, ఎవరు ఏ దేశంల ఏ పని చేసి వచ్చిన్రో వాళ్ల దగ్గర నోటి లెక్క ఉంటది. ఐటీఐల వెల్డర్, ఫిట్టర్ ట్రేడ్‌లల్ల ఈ ఏడు ఎంతమంది పాసైతరో ప్రిన్సిపాల్‌ను అడగండి. గల్ఫ్‌ల పైప్ వెల్డింగ్ చేసినాయన చేతికింద ఇద్దరు ఐటీఐ పిల్లలను పెట్టుకుంటే షాపు నడుస్తది. ఆయన మళ్ల వీసా వచ్చి పోయినా పని ఆగదు. టెస్ట్ ప్లేట్ మీద వెల్డ్ వేయించి చూసి జీతం మాట్లాడండి, సర్టిఫికెట్ లేదని మాత్రం వాపస్ పంపకండి.