ముందు నెల తేల్చుకో చెల్లెమ్మా, రూము తర్వాత

ప్రశ్న: అన్నా, మాది కడప. వచ్చే ఏడాదికి మా పెళ్లయి 25 ఏళ్లు. పిల్లలు చదువులకని బయటికెళ్లిపోయినారు, మేమిద్దరమే ఆస్ట్రేలియా పోదామనుకుంటున్నాం. ఖర్చుకు వెనకాడం గానీ జనం గోల లేని చోటు కావాల. జూన్‌లో గానీ డిసెంబర్‌లో గానీ పది రోజులు వీలవుతుంది. ఏ హోటళ్లు బుక్ చేసుకోమంటారు? మా ఆయన మాంసం ముట్టడు.
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: చెల్లెమ్మా, హోటల్ పేర్లకంటే ముందు నెల తేల్చుకోవాల. మనకి చలికాలమంటే వాళ్లకి ఎండాకాలం, ఆ దేశం నడిమధ్యలో ఉలూరు ఎర్రకొండ దగ్గర డిసెంబర్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలే, కడప మే నెల చూసినోళ్లకి మళ్లీ ఆ ఎండ ఎందుకు చెప్పు. ఉత్తరాన క్వీన్స్‌లాండ్ సముద్రంలో నవంబర్ నుంచి మే దాకా ప్రాణం తీసే జెల్లీఫిష్‌లుంటాయి. అందుకే డిసెంబరే కుదిరితే దక్షిణానికి పోవాల, టాస్మానియాలో సఫైర్ ఫ్రేసినెట్ అనే లాడ్జ్ ఉంది, మొత్తం 20 సూట్లే. లేదా కంగారూ ఐలాండ్‌లో సదరన్ ఓషన్ లాడ్జ్, 2020 జనవరి కార్చిచ్చులో మొత్తం కాలిపోతే మళ్లీ కట్టి 2023 డిసెంబర్‌లో తెరిచినారు.

నన్నడిగితే జూన్‌లోనే పొండి. ఉలూరు ఎదురుగా లాంగిట్యూడ్ 131 అని 16 టెంటు గదులుంటాయి, అంతే. మంచం మీద నుంచే కొండ కనపడుతుంది. తెల్లారకముందు నీలంగా, నల్లగా ఉంటుంది, కాసేపటికి ఇటుక రంగుకొస్తుంది, ఎండ తగిలిందంటే నిప్పు రాజేసినట్టే. గండికోటలో పొద్దున్నే పెన్నా లోయ రాతిగోడలు ఎర్రబడడం చూసింటారు కదా, అక్కడ 348 మీటర్ల కొండ ఒక్కటే మైదానంలో నిలబడి అట్లా మారుతుంటే మాట రాదు. ఎక్కడం మాత్రం 2019 అక్టోబర్ నుంచి నిషేధం, అక్కడి అనంగు జనానికి అది పవిత్రమైన కొండ, చుట్టూ దాదాపు 10 కిలోమీటర్ల దారి ఉంది, నెమ్మదిగా నడవండి. రాత్రుళ్లు గట్టి చలి, స్వెట్టర్లు మర్చిపోవద్దు.

రేటు చూసి గుండె జారుతుంది, నిజమే, కానీ ఇట్లాంటి లాడ్జిల్లో భోజనాలు, డ్రింకులు, తిప్పి చూపించడం అన్నీ అందులోనే, సిటీ హోటల్ ఇచ్చేది వట్టి గది రేటు, కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చొద్దు.

అక్కడ మూడు రాత్రులు, తర్వాత క్వీన్స్‌లాండ్ తీరంలోని హామిల్టన్ ఐలాండ్‌లో క్వాలియా అనే రిసార్టులో మూడు రాత్రులు చాలు. క్వాలియాలోకి 16 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వరు, మీరడిగిన ప్రశాంతత అదే. నాలుగైదు ఊర్లు పెట్టుకుంటే పెట్టెలు సర్దుకోవడానికే సరిపోతుంది.

సిడ్నీలో ఒక రాత్రి ఉంటే బుకింగ్‌లో 'పార్షియల్ వ్యూ' అని ఉందేమో చూడు. నేనొకసారి గమనించకుండా డబ్బు కట్టేసినా, కిటికీలోంచి మెడ వంచితే గానీ హార్బర్ కనపడలే, మా ఇంటామె ముఖం చిన్నబోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీ ఆయన భోజనం సంగతి బుక్ చేసేటప్పుడే మెయిల్‌లో రాసేయ్, గుడ్డు, చేప కూడా వద్దని విడిగా చెప్పు, వెజిటేరియన్ అంటే కొందరు చేప పర్లేదనుకుంటారు. ఊరగాయ, పొడులు తీసుకుపోతే ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే కార్డులో తప్పకుండా రాయాల, దాచిపెడితే జరిమానా వేస్తారు. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, అంతే.