ముందొచ్చిన పడవకి కప్పెందుకు రాలేదు?

ప్రశ్న: వేసవి సెలవుల్లో సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్లో డింగీల (చిన్న తెరచాప పడవల) పోటీ చూశాం. చివరి రేసులో ముందొచ్చిన అబ్బాయికి కప్పు ఇవ్వలేదు, అదేం న్యాయమండీ? మా పదకొండేళ్ల పాపేమో నేర్చుకుంటానని ఒకటే గోల.
- ఓ తల్లి, తిరుపతి

జవాబు: అన్యాయమేం లేదమ్మా. ఇలాంటి పడవల పోటీని రెగట్టా అంటారు, అందులో మామూలుగా ఒక్క రేసు కాదు, వరసగా చాలా ఉంటాయి; మొదట వస్తే 1 పాయింటు, రెండోస్థానానికి 2, అలా పెరుగుతూ పోయి చివరికి ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లదే కప్పు. పైగా గాలికి నేరుగా ఎదురెళ్లడం ఏ తెరచాప పడవకీ కుదరదు, అటూ ఇటూ మలుపులు తిప్పుకుంటూ పోవాల్సిందే, అందుకే ఒడ్డునుంచి చూస్తే ఎవరు ముందున్నారో కూడా సరిగా తెలీదు. పాపకి ఆప్టిమిస్ట్ సరిపోతుంది, పిల్లలు ఒక్కరే నడిపే బుల్లి పడవ. నేర్చుకోవడానికి మీకు దగ్గర చెన్నైయే. టోక్యో ఒలింపిక్స్‌లో సెయిలింగ్ చేసిన నేత్రా కుమనన్ ఆ ఊరమ్మాయే. లైఫ్ జాకెట్ ఉంటుందిలే అనుకోకుండా ముందు ఈత నేర్పించండి.