మాటిచ్చిన ఎమ్మెల్యే సభలో ఇంకోలా ఓటేస్తే కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె, తోతాపురి మామిడి రైతులం. మాకు నష్టం చేసే బిల్లు వస్తే వ్యతిరేకిస్తానని మా ఎమ్మెల్యే యాభై మంది ముందర మాటిచ్చాడు. తీరా సభలో ‘అవును’ అన్నాడంట. మోసం కేసు పెట్టొచ్చా సార్?

జవాబు: పెట్టలేరు. మీ బాధ న్యాయమైనదే, కానీ సభలో వేసిన ఓటు గురించి ఎమ్మెల్యేని కోర్టుకు లాగకూడదని రాజ్యాంగం 194(2)లో ఉంది. ఎన్నికల హామీ తప్పాడని వెనక్కి పిలిచే చట్టం కూడా మనకు లేదు.

అసలు సంగతి విప్, అంటే సభలో ఇలాగే ఓటేయాలని పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం పార్టీ విప్ ఇచ్చాక ముందుగా అనుమతి తీసుకోకుండా దానికి ఎదురు ఓటేసినా, ఓటింగ్‌కు రాకుండా ఉండిపోయినా, 15 రోజుల్లోగా పార్టీ క్షమించకపోతే సీటే పోవచ్చు. మీ ఊళ్లో ఇచ్చిన మాట ఒకవైపు, పదవి ఇంకోవైపు, ఎటు మొగ్గుతారో మీకే తెలుసు. మన తిరుపతి ఆయన అనంతశయనం అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న రోజుల్లో ఈ చట్టమే లేదు, విప్ దాటితే పార్టీకి కోపం వచ్చేది గానీ చట్టం సీటు లాక్కునేది కాదు. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు, సీటు పోయేలా ఇచ్చే విప్‌ను ప్రభుత్వ బలపరీక్షకూ, పార్టీ ముఖ్య విధానాలకూ పరిమితం చేయాలంది. అయినా మామూలు బిల్లులకూ విప్‌లు ఇస్తూనే ఉన్నారు, ఇది తప్పని నా గట్టి అభిప్రాయం.

డబ్బు తీసుకుని ఓటేశాడని మీ దగ్గర ఆధారం ఉంటే మాత్రం కథ వేరు. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం, లంచానికి సభా రక్షణ లేదని తేల్చి 1998 నాటి పాత తీర్పును కొట్టేసింది. డబ్బు తీసుకుంటే చాలు, ఓటు ఎటు వేసినా నేరమే. ఏసీబీకి ఫిర్యాదు చేయండి.

ఇంకొకటి, ఆయన ‘అవును’ అన్నాడని మీకెవరు చెప్పారు? చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే అందరూ కలిసి ‘అవును’, ‘కాదు’ అని నోటితో చెప్పడంతోనే పాసవుతాయి, ఎవరేమన్నారో రికార్డులో ఉండదు. డివిజన్, అంటే ఓట్లు విడివిడిగా లెక్కపెట్టమని అడిగితేనే పేర్లు నమోదవుతాయి.

కాబట్టి ఈసారి బిల్లు సభకు రాకముందే కదలండి. ఎమ్మెల్యేకి, ఆయన పార్టీ జిల్లా అధ్యక్షుడికి కూడా రాతపూర్వకంగా వినతి ఇవ్వండి, ఎందుకంటే విప్ వచ్చేది పార్టీ నుంచే. బిల్లును సెలక్ట్ కమిటీకి (దాన్ని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీ) పంపమని, డివిజన్ అడగమని అందులో రాయండి. ఇచ్చిన కాపీ మీద తేదీ, సంతకం తీసుకోవడం మర్చిపోవద్దు.