టెక్ సందేహాలు: యూఐ, యూఎక్స్ రెండూ ఒకటేనా?

ప్రశ్న: వరంగల్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిజైన్ కోర్సులో చేరాలనుకుంటున్నాను. శిక్షణ సంస్థల ప్రకటనల్లోనూ, ఉద్యోగ ప్రకటనల్లోనూ యూఐ, యూఎక్స్ అని రెండింటినీ జంటగానే రాస్తున్నారు. ఇవి ఒకే పనికి రెండు పేర్లా, లేక వేర్వేరు పనులా?

జవాబు: వేర్వేరు పనులే. చాలా కంపెనీల్లో రెండింటినీ ఒకరికే అప్పగిస్తుండటంతో పేర్లు కలిసిపోయాయి. యూఐ అంటే యూజర్ ఇంటర్‌ఫేస్. యంత్రంతో వ్యవహరించేటప్పుడు మనం చూసే, తాకే, వినే భాగమంతా ఇదే. బటన్ ఎక్కడ ఉండాలి, అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలి, పొరపాటు జరిగితే ఏ మాటల్లో చెప్పాలి అన్న నిర్ణయాలన్నీ దీని కిందికి వస్తాయి. దీనికి కచ్చితమైన కొలతలున్నాయి. మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ (చూపు తగ్గినవారితో సహా అందరికీ వెబ్ అందుబాటులో ఉండటం) మార్గదర్శకాలు చెబుతాయి. వేలితో తాకే చోటు కనీసం 48 డీపీ (తెర మీది కొలతలకు ఆండ్రాయిడ్ వాడే యూనిట్) ఉండాలని ఆండ్రాయిడ్ సూచిస్తుంది. కాబట్టి యూఐని కేవలం రంగులద్దే పనిగా చూడకండి.

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. ఒక పని చేసుకుందామని వచ్చిన మనిషికి మొదటి నుంచి చివరి దాకా ఎదురయ్యే అనుభవం మొత్తం ఇందులోకి వస్తుంది. యాప్ తెరవకముందు మనసులో ఉన్న సందేహం, ఓటీపీ కోసం ఎదురుచూసిన నిమిషం, పని మధ్యలో ఆగిపోతే ఎవరిని అడగాలో తెలియని స్థితి కూడా అందులో భాగమే.

మా ఇంట్లో జరిగిన సంగతి చెబితే తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఆ మధ్య మా అమ్మగారు ఒక బీమా సంస్థ యాప్‌లో నామినీ పేరు మార్చడానికి కూర్చున్నారు. అక్షరాలు పెద్దగా ఉన్నాయి, బటన్లు స్పష్టంగా ఉన్నాయి, తెలుగు కూడా చక్కగా ఉంది. వివరాలన్నీ నింపాక ఓటీపీ వచ్చింది. దాన్ని చూడటానికి మెసేజ్‌లలోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి ఫారం మొత్తం ఖాళీ అయిపోయింది. మూడుసార్లు అలాగే జరిగాక ఆమె ఫోన్ పక్కన పెట్టేసి, మర్నాడు ఆటో ఎక్కి బ్రాంచికి వెళ్లారు. యూఐ పరంగా ఆ తెరలకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఓటీపీ చూడటానికి మనిషి యాప్ వదిలి వెళ్లక తప్పదన్న సంగతి తయారుచేసిన వారిలో ఎవరికీ తట్టకపోవడం యూఎక్స్ లోపం.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ మన టిఫిన్ బండ్ల మీద, కిరాణా కొట్లలో కనిపించే సౌండ్‌బాక్స్. ఒక చేత్తో దోసె తిప్పుతూ, మరో చేత్తో పొట్లం కడుతున్న వ్యాపారి ప్రతి చెల్లింపుకూ ఫోన్ తీసి చూసుకోలేడు. కొనుగోలుదారు చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మడమూ క్షేమం కాదు. డబ్బు నిజంగా ఖాతాలో పడిందా లేదా అన్నదొక్కటే అతనికి కావలసిన సమాధానం. ఆ పెట్టె దాన్ని అతని భాషలో, అతను తల తిప్పనక్కర్లేకుండా చెబుతుంది. ఇందులో యూఐ అంటే ఒక గొంతు, రెండు మూడు బటన్లు, అంతే. అయినా అనుభవం దృష్ట్యా చూస్తే నా లెక్కలో ఇటీవల వచ్చిన మంచి డిజైన్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. దుకాణంలో నిలబడి, ఆ మనిషి చేతులు ఏ పనిలో ఉన్నాయో గమనించకుండా ఇలాంటి ఆలోచన రాదు.

యంత్రం తాను ఏం చేసిందో చెబుతుంది, మనిషి తన పని ఏమైందని అడుగుతాడు. ఈ రెండింటి మధ్య దూరం పెరిగితే ఎంత ప్రమాదమో 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో తెలిసివచ్చింది. ఒత్తిడి తగ్గించడానికి తెరుచుకున్న వాల్వు ఒకటి తిరిగి మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లో దానికి సంబంధించిన దీపం ఆరిపోవడంతో వాల్వు మూసుకుందని సిబ్బంది అనుకున్నారు. నిజానికి ఆ దీపం మూసుకొమ్మన్న సంకేతం వెళ్లిందన్న సంగతినే చూపిస్తుంది, వాల్వు అసలు స్థితి దానికి తెలియదు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు బయటికి పోయింది, రియాక్టర్ కోర్‌లో దాదాపు సగం కరిగిపోయింది. యూపీఐలో చెల్లించాక ‘ప్రాసెసింగ్’ అన్న మాట దగ్గర తెర నిలిచిపోయినప్పుడు మనకు కలిగే ఆందోళనకు మూలం కూడా ఇలాంటిదే: అభ్యర్థన వెళ్లిందని తెలుస్తుంది, డబ్బు అవతలివారికి చేరిందో లేదో తెలియదు.

ఆ ప్రమాదం తర్వాత కంట్రోల్ రూమ్‌ల అమరికను పరిశీలించినవారిలో డాన్ నార్మన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఒకరు. ఆయన 1993లో ఆపిల్‌లో చేరి ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్ ఆర్కిటెక్ట్’ అన్న హోదా తీసుకున్నారు. ఇంటర్‌ఫేస్ అన్న మాట చాలా ఇరుకైనదని, వస్తువు ఆకారం మొదలుకొని దానితో వచ్చే పుస్తకం దాకా అన్నీ ఇమిడే మాట కావాలని ఆయన భావించడం వల్లనే మీరు అడుగుతున్న రెండో పేరు వాడుకలోకి వచ్చింది.

సమస్య యూఎక్స్‌ది అయినప్పుడు తెరను ఎంత దిద్దినా లాభం ఉండకపోవచ్చు. యూపీఐలో ఒకరు మరొకరిని డబ్బు పంపమని అడిగే కలెక్ట్ రిక్వెస్ట్ సదుపాయం ఉండేది. మోసగాళ్లు ఫోన్ చేసి, మీకు డబ్బు వస్తోంది, పిన్ కొట్టి తీసుకోండి అని నమ్మించేవారు. తెర మీద చెల్లింపు అని స్పష్టంగా రాసి ఉన్నా, డబ్బు వస్తోందని నమ్మిన మనిషి కంటికి ఆ మాట ఆనేది కాదు. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదని హెచ్చరికలు జోడించినా మోసాలు ఆగలేదు. చివరికి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్నే తీసివేసింది. ఒక సదుపాయాన్ని ఉంచాలా, తీసివేయాలా అన్న నిర్ణయం కూడా యూఎక్స్ పనే.

ప్రశ్న: నేను విజయవాడలో ఫిగ్మా (యాప్‌ల తెరలు గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను. తెరలు బాగానే గీయగలుగుతున్నాను. యూఎక్స్ కూడా వచ్చినట్టేనా?

జవాబు: ఫిగ్మా మంచి పనిముట్టు, తప్పక నేర్చుకోండి. అయితే దానితో మీకు వచ్చేది ప్రధానంగా యూఐ గీయడం. యూఎక్స్ నేర్చుకోవడానికి మనుషుల పక్కన కూర్చోవాలి. మీరు గీసిన తెరలనో, రోజూ వాడే యాప్‌నో తీసుకుని, అందులో ఒక పనిని ఎంచుకోండి. బస్సు టికెట్ రద్దు చేయడం లాంటిది చాలు. వేర్వేరు వయసుల వాళ్లు ఐదుగురిని విడివిడిగా కూర్చోబెట్టి ఆ పని చేయమనండి, చేస్తూ మనసులో అనుకున్నది పైకి చెప్పమనండి. ఐదుగురితో పరీక్షిస్తే చాలు, లోపాలు చాలావరకు బయటపడతాయని యూజబిలిటీ (వాడటంలో సౌలభ్యం) నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. వాళ్లు తడబడినప్పుడు సాయం చేయాలని మీకు ప్రాణం కొట్టుకుంటుంది, అయినా నోరు మెదపకండి. ఎక్కడ ఆగారు, ఏ మాటను ఏమని అర్థం చేసుకున్నారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు అన్నది రాసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు అందమైన 20 తెరల కంటే, అలాంటి నోట్సును ముందు పెట్టి దాని వల్ల ఏ తెరను ఎందుకు మార్చారో చెప్పగలిగితే ఎదుటివారికి మీ ఆలోచన తెలుస్తుంది.

ప్రశ్న: గుంటూరులో ఎరువుల దుకాణాల కోసం చిన్న యాప్ తయారుచేశాం. తెలుగులోకి మారిస్తే ఒత్తులు సగం తెగిపోయి కనిపిస్తున్నాయి. ఇది యూఐ లోపమా, యూఎక్స్ లోపమా?

జవాబు: మొదలు యూఐ లోపమే. ఇంగ్లిష్ అక్షరాలను బట్టి వరుస ఎత్తును, బటన్ ఎత్తును ఒక అంకెకు బిగించేస్తే, పైన గుడులకూ కింద ఒత్తులకూ చోటు మిగలదు. ఎత్తును బిగించకుండా, కనీస ఎత్తు మాత్రమే చెప్పి, అక్షరాలను బట్టి పెరిగేలా వదలండి. వరుసల మధ్య ఎడం పెంచండి. దుకాణదారు ఆ తెగిన అక్షరాలు చదవలేక మళ్లీ ఇంగ్లిష్‌కు మార్చుకుని, ప్రతిసారీ కొడుకునో పక్క కొట్టు కుర్రవాడినో పిలవాల్సి వస్తే అప్పుడది యూఎక్స్ లోపంగా మారుతుంది. ‘హోమ్’ బటన్ మీద ‘ఇల్లు’ అని రాసే అనువాదాలు కూడా ఆ కోవలోవే, వాటినీ ఒకసారి చూసుకోండి. పరీక్షించేటప్పుడు ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటి మాటలను ప్రతి తెర మీదా పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాల సైజును 200 శాతం దాకా పెంచుకునే వీలుంది, పెద్ద వయసు దుకాణదారులు దాన్ని వాడుకుంటారు కనుక ఆ సైజులో కూడా ఎరువు పేరు, ధర పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో చూశాకే కొత్త వెర్షన్ విడుదల చేయండి.