సేవకు వెళ్తున్న మేనల్లుడికి

ఒంగోలు

నాయనా,

నీకూ, కోడలికీ, పాపకీ ప్రభువు నామంలో వందనాలు.

ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లోంచి మళ్లీ ఒక సేవకుడు లేచాడని నాకు పట్టరాని సంతోషం. ఆ రాత్రి నిద్రా పట్టలేదు. "దేవుడే చూసుకుంటాడు నాన్నా" అన్నావట. ఆ మాట మీదే మీ మామయ్యా నేనూ జీవితమంతా బతికాం. అందుకే ఈ ఉత్తరం.

తెల్లవారుజామున ప్రార్థన మానొద్దు. సంఘం డబ్బు, ఇంటి డబ్బు వేరు వేరు ఖాతాల్లో పెట్టు. కానుకలు ఒక్కడివే లెక్కపెట్టొద్దు, ఇద్దరు పెద్దల్ని కూర్చోబెట్టుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

అప్పు సంగతి మాత్రం నేను చెప్పే తీరాలి.

మీ మామయ్య ఆ పల్లెలో సేవ మొదలుపెట్టినప్పుడు గుడి అంటే తాటాకుల పాక. వానొస్తే ఆరాధన మధ్యలో అందరం ఒక మూలకి జరిగేవాళ్లం. ఒకాయన వచ్చి చూసి, స్లాబుకి డబ్బు నేను పంపిస్తానని మాటిచ్చి వెళ్లాడు. మీ మామయ్య ఆ మాటను దేవుడి మాటగానే తీసుకున్నారు. డబ్బు వచ్చేలోపు పని ఆగకూడదని నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి పునాది తీయించారు. "విశ్వాసంతో అడుగేశాను" అనేవారు. మాటిచ్చినాయన మళ్లీ కనపడలేదు. లేపిన ఇనుప చువ్వలు అట్లాగే తుప్పు పట్టాయి. నా గొలుసు పోయింది. గొలుసు కోసం నేనెన్నడూ ఏడవలేదు నాయనా.

ఏడ్చింది ఆయన చూపు మారినందుకు. అప్పిచ్చినాయన నెల తిరిగేసరికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆదివారం అందరూ పాట పాడుతుంటే మీ మామయ్య కళ్లు ఎవరొచ్చారో, ఎవరెంత ఇవ్వగలరో వెతుక్కునేవి. పొగాకు అమ్మి డబ్బు చూసిన ఇళ్లకి ప్రార్థనకు ముందు వెళ్లేవారు. ఊరి చివర ఒక ముసలామె ఉండేది. కూలికి పోయొచ్చి, ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి పాత పాలడబ్బాలో వేసేది. ఆదివారం కొంగున మూటగట్టి గుడికి తెచ్చేది. ఒకసారి ఆమెకు జ్వరమని కబురొచ్చింది. సాయంత్రం వెళ్దాంలే అని, చందా ఇస్తానన్న ఒక రైతు ఇంటికి వెళ్లారు ఈయన. అక్కడే చీకటి పడింది. మర్నాడు వెళ్తే ఆమె మంచంలోంచే డబ్బా చూపించి, "అయ్యగారూ, ఈ వారం గుడికి రాలేను, మీరే పట్టుకెళ్లండి" అందట. ఇంటికొచ్చి ఆ బియ్యం నా చేటలో పోసి, గోడకానుకుని కూలబడ్డారు. ఆ పూట మా పొయ్యి మీద ఉడికింది ఆ బియ్యమే.

ఆ తర్వాత ఆయన ఇంకెప్పుడూ నోటు రాయలేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి పాత అప్పు తీర్చారు. స్లాబు చాలా ఏళ్లకి పడింది, సంఘం వాళ్లే తలా కొంచెం వేసుకుంటే.

దేవుడు మమ్మల్ని పస్తుంచలేదు. అది నువ్వు నమ్ము. కానీ ఆయన ఇస్తానని చెప్పనిదాన్ని ఇస్తానన్నట్టు చెప్పి, ఆయన పేరున అప్పు చెయ్యకు. దేవుడు మీ ప్రతి అవసరం తీరుస్తాడన్న ఫిలిప్పీ 4:19 నీకు కంఠతా వచ్చు. పౌలు బంధకాల్లో ఉండి రాసిన మాట అది, ఎపఫ్రొదితు చేత తనకు కానుక పంపిన సంఘానికి. ఆకలికీ లేమికీ కూడా అలవాటు పడ్డానని అంతకు ఏడు వచనాల ముందే రాశాడు. ఆ మాటలు వదిలేసి పందొమ్మిదో వచనం ఒక్కటే పట్టుకుని ప్రసంగించేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. నువ్వు వాళ్లలో చేరితే నేను ఊరుకోను. ఎలీషా ప్రవక్త కూడా అప్పులపాలైన విధవరాలి ఇంట నూనె పొంగించాక ఆమెను ముందు అప్పు తీర్చుకోమన్నాడు, మిగిలినదానితో బతకమన్నాడు.

మన ఊరి సంగతే చూడు. 1876-78 కరువులో ఇక్కడ మిషనరీగా ఉన్న క్లౌ దొరగారు జనం కోసం ప్రార్థన చేసి ఊరుకోలేదు. కుర్రతనంలో నేర్చుకున్న సర్వే పని ఆయనకు అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. తిండి కోసం ఎవరూ మతంలో చేరకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. సాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ముత్తాతల కాలం నాటి కథ ఇది. దేవుడి సమృద్ధి ఆ కరువులో మట్టి తట్టలు మోసిన కూలిడబ్బుగా వచ్చింది. అలా రావడం ఆయనకేం తక్కువతనం కాదు.

కాబట్టి కోడలి టీచరు జీతం మీద ఇల్లు గడిస్తే నామోషీ పడకు. అదీ ఆయన ఇచ్చిందే. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగావా అసలు? దేవుడు నిన్ను పిలిచాడని నాకు అనుమానం లేదు. నెలాఖరున బియ్యం డబ్బా అడుగు కనిపించినప్పుడు ముందు చూసేది మాత్రం ఆమె. ఆమె సరేనన్నదాకా రాజీనామా కాగితం ఇవ్వకు. పీఎఫ్ డబ్బు తీసి మందిరం కట్టకు, అది పాప చదువుకి. ఎవరైనా పెద్ద మొత్తం ఇస్తామంటే సంతోషించు, చేతిలో పడ్డాకే మేస్త్రీని పిలువు.

మందలిస్తున్నానని బాధపడకు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని, మామయ్య ప్రసంగం అయ్యేలోపే నిద్రపోయేవాడివి. ఆ పిల్లాడు పుల్పిట్ ఎక్కబోతున్నాడంటే నాకెంత గర్వమో నీకెలా చెప్పను?

వచ్చే నెల మొదటి ఆదివారం ముగ్గురూ రండి. మామయ్య జమాఖర్చుల పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి, ఆ అప్పు పేజీలతో సహా. అవి నీకిస్తాను. కోడలికి చేపల పులుసు చేసి పెడతాను. వచ్చే ముందురోజు ఫోన్ చెయ్యి.

నీ అత్త