ఆర్కెలాస్ కొలువు: మాసిడోనియాలో వారసత్వం, కవిపోషణ

ప్రశ్న: ప్రాచీన మాసిడోనియా రాజులు సింహాసనం కోసం సొంత రక్తసంబంధీకులనే చంపుకున్నారు, అదే రాజులు నాటకకర్త యూరిపిడీస్‌నూ తత్వవేత్త అరిస్టాటిల్‌నూ పిలిచి ఆదరించారు. ఈ రెండూ ఒకే కొలువులో ఎలా పొసిగాయి?

డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించిన ఇరవై రెండేళ్లలో విద్యార్థులు నన్ను ఈ ప్రశ్న రెండు మూడుసార్లు అడిగారు. ప్రతిసారీ నేను "క్రూరులే గాని కళాభిమానులు" అని చెప్పి దాటవేశాను. ఆ జవాబు సరికాదని నాకు తట్టింది 2024 నవంబరులో, జర్మనీలో ఉంటున్న మా అమ్మాయితో కలిసి ఉత్తర గ్రీసు వెళ్లి, వెర్గినా అనే పల్లెలో మట్టిదిబ్బ కింద ఉన్న రాజసమాధుల ముందు నిలబడినప్పుడు. ఆ పల్లే ఒకప్పటి ఐగై, మాసిడోనియా తొలి రాజధాని. హత్యలూ కవిపోషణా ఒకే లోటు నుంచి పుట్టాయని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. రాజు ఎవరన్నది అక్కడ ఏ నియమమూ తేల్చలేదు గనుక, గద్దె ఎక్కినవాడు తానే రాజునని అనుదినం రుజువు చేసుకోవలసి వచ్చేది.

మొదట వారసత్వం సంగతి. మాసిడోనియాను ఏలిన ఆర్గెయాడ్ వంశంలో పెద్దకొడుకే రాజు కావాలన్న కట్టుబాటు లేదు. రాజులు ఒకరికి మించి భార్యలను చేసుకునేవారు. జగజ్జేత అలెగ్జాండర్ తండ్రి రెండవ ఫిలిప్‌కు ఏడుగురు. అందువల్ల రాజు కన్నుమూసేసరికి సవతి కొడుకులు, తమ్ముళ్లు, తమ్ముళ్ల కొడుకులు అందరూ హక్కుదారులే. ఆయుధం పట్టిన ప్రముఖులు ఎవరిని ఒప్పుకుంటే అతడు రాజు. పొరుగువారికీ ఇది కలిసివచ్చేది: క్రీ.పూ. 359లో ఫిలిప్ అధికారం చేపట్టగానే ఏథెన్స్ ఒక పోటీదారుణ్ణి, థ్రేస్ రాజు మరొకణ్ణి వెనకేసుకొచ్చారు. మన భాషలో దాయాది అన్న మాట మోస్తున్న పగనంతా ఆ వంశానికి అన్వయించుకోవచ్చు.

మీ ప్రశ్నకు అసలైన ఉదాహరణ అలెగ్జాండర్ గాని ఫిలిప్ గాని కారు, వారికన్నా రెండు మూడు తరాల ముందువాడైన ఆర్కెలాస్. క్రీ.పూ. 413 నుంచి 399 వరకు అతడు ఏలాడు. ప్లేటో రాసిన ‘గోర్గియాస్’ సంభాషణలో పోలస్ అనే పాత్ర ఇతని చరిత్ర చెబుతుంది. తండ్రి రాజు పెర్డికాస్, తల్లి దాసి. బాబాయినీ అతని కొడుకునూ విందుకు పిలిచి, తాగించి చంపించాడు. సింహాసనానికి హక్కుదారుడైన ఏడేళ్ల సవతి తమ్ముణ్ణి బావిలో పడవేయించి, ఆ పిల్లవాడి తల్లి క్లియోపాత్రాతో "బాతును తరుముతూ పడిపోయాడు" అని చెప్పాడు. అన్యాయం చేసినవాడు కూడా సుఖపడగలడని వాదించేందుకే పోలస్ ఈ కథ ఎత్తుకున్నాడు గనుక అందులోని ప్రతి మాటనూ నమ్మనక్కరలేదు. కానీ అతని పుట్టుక మీద జనంలో ఎలాంటి మాట నడిచిందో దీనివల్ల తెలుస్తుంది. ఇదే ఆర్కెలాస్ గురించి ఆనాటి చరిత్రకారుడు థూసిడిడీస్, అతడు కోటలు కట్టించి, తిన్నని బాటలు వేయించి, గుర్రాల విషయంలోనూ ఆయుధాల విషయంలోనూ తనకు ముందున్న ఎనిమిదిమంది రాజులూ కలిసి చేసినదానికన్నా ఎక్కువ చేశాడని రాశాడు.

ఇక కవులు. దక్షిణాది గ్రీకులు మాసిడోనియా వారిని తమవారిగా లెక్కించడానికి వెనకాడేవారు. ఆర్కెలాస్ తాత మొదటి అలెగ్జాండర్ ఒలింపిక్ పోటీలకు వెళ్లినప్పుడు తోటి పోటీదారులు అభ్యంతరం చెప్పగా, తన వంశం ఆర్గోస్ నగరం నుంచి వచ్చిందని నిరూపించుకున్నాకే అతణ్ణి పరుగెత్తనిచ్చారని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆర్కెలాస్‌కు ఆ అనుమానంతో పాటు దాసీపుత్రుడన్న మాట కూడా తోడైంది. క్రీ.పూ. 408 ప్రాంతంలో ఏథెన్స్ విడిచి వచ్చిన వృద్ధ యూరిపిడీస్ చేసిన పని ఏమిటో ఈ నేపథ్యంలో చూడాలి. అతడు ‘ఆర్కెలాస్’ అనే నాటకం రాసి, ఆర్గోస్ నుంచి వచ్చి ఐగైని స్థాపించిన మూలపురుషుడి పేరే ఆర్కెలాస్ అని చూపించాడు. ఆ నాటకం ఈనాడు తునకలుగానే మిగిలింది. మన ప్రబంధాల అవతారికల్లో కృతిభర్త వంశవర్ణన చదివినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. అవతారికకు సరిపెట్టవలసిన వంశవర్ణన ఇక్కడ నాటకమంతా పరచుకుంది, అంతే. పోషణ అన్న మాటను మనం కళాభిమానం కిందే వాడుతుంటాం గాని, దాసి కొడుక్కి మూలపురుషుణ్ణి సంపాదించి పెట్టిన కవికి ఎంత ఇచ్చినా ఎక్కువ కాదు.

ఇవ్వడానికి సొమ్మూ ఉండేది. ఏథెన్స్ ఓడలకు కావలసిన కలప మాసిడోనియా అడవుల్లో పెరిగేది. ఆ సాయానికి కృతజ్ఞతగా ఏథెన్స్ ప్రజలు ఆర్కెలాస్‌ను గౌరవిస్తూ చేసిన తీర్మానం రాతిమీద మిగిలి ఉంది. చిత్రకారుడు జ్యూక్సిస్ చేత రాజభవనానికి రంగులు వేయించడానికి అతడు 400 మినాలు, అంటే 40,000 డ్రాక్మాలు ఖర్చు పెట్టాడని చెబుతారు. ఆ రోజుల్లో నేర్పరి పనివాడి దినకూలి దాదాపు ఒక డ్రాక్మా. ఆహ్వానం అందినా వెళ్లనివాడు సోక్రటీస్. అందుకున్నదానికి బదులు తీర్చలేకపోవడం అవమానమని అతడు చెప్పిన కారణాన్ని అరిస్టాటిల్ నమోదు చేశాడు. ఆ కొలువు గుట్టు బయటివాడైన సోక్రటీస్‌కే బాగా తెలిసిందని నాకనిపిస్తుంది: అక్కడ కానుకలన్నీ రుణాలే.

ఆ రుణాలు తీరనప్పుడు ఏమయ్యేదో ఆర్కెలాస్ చావే చెబుతుంది. అతడు వేటలో పోయాడని ఒక కథనం ఉంది. అరిస్టాటిల్ ‘రాజనీతి’లో మాత్రం అది ముగ్గురు కలిసి చేసిన కుట్ర. ఒకడికి రాజు కూతురినిస్తానని మాట ఇచ్చి తప్పాడు. పెద్దపిల్లను యుద్ధ అవసరం కోసం పొరుగు రాజుకిచ్చి, చిన్నపిల్లను, తన కొడుకుల మధ్య తగవు రాకూడదని, వారిలో ఒకడికే కట్టబెట్టాడు. రెండోవాడు లారిస్సా నగరం నుంచి వెళ్లగొట్టబడినవాడు; అతణ్ణి సొంత ఊరు చేరుస్తానన్న మాట నిలబెట్టుకోలేదు. మూడోవాడు, కుట్రకు ముందు నిలిచినవాడు, డెకామ్నికస్. ఇతడు యూరిపిడీస్ నోటి దుర్వాసన గురించి ఏదో అన్నాడు. కవికి కోపం వచ్చింది. రాజు అతణ్ణి కొరడాతో కొట్టుకోమని కవి చేతికే అప్పగించాడు. యూరిపిడీస్ క్రీ.పూ. 406లో చనిపోయాడు, ఆ దెబ్బల కసి మాత్రం 399 దాకా బతికింది. నేను తరగతిలో రెండు వేరువేరు శీర్షికల కింద చెప్పిన కవిపోషణ, రాజహత్య ఈ ఒక్క మనిషి వీపు మీద కలిశాయి.

ఆ తరువాత ఆరేడేళ్లలో సింహాసనం నాలుగైదు చేతులు మారింది. చివరికి మూడవ అమింటాస్ నిలదొక్కుకున్నాడు. అతని ఆస్థాన వైద్యుడి కొడుకే అరిస్టాటిల్. అందుకే, కోపంతో రాజులను చంపినవారి జాబితా రాసేటప్పుడు ఆయన ఆర్కెలాస్ దగ్గరే ఆగలేదు. తనను పిలిచి కొడుక్కి గురువుగా పెట్టుకున్న ఫిలిప్‌ను కూడా అందులో చేర్చాడు. క్రీ.పూ. 336లో కూతురి పెళ్లివేడుకల్లో, పన్నెండుమంది దేవతల విగ్రహాల వెంట పదమూడోదిగా తన విగ్రహాన్ని ఊరేగించుకుంటూ ఐగై రంగస్థలంలో అడుగుపెట్టిన ఫిలిప్‌ను అంగరక్షకుడు పౌసానియాస్ పొడిచి చంపాడు. తనకు జరిగిన అవమానానికి రాజు న్యాయం చేయలేదన్నదే అతని ఫిర్యాదు. 2024 జనవరిలో మళ్లీ తెరిచిన ఐగై రాజభవనానికి దిగువనే ఉంది ఆ రంగస్థలం. అక్కడ నిలబడి చూస్తే కొలువుకూ నాటకశాలకూ మధ్య దూరమే లేదు.

సమాధుల దగ్గరికి వస్తాను. 1977లో మనోలిస్ ఆండ్రోనికోస్ తవ్వి బయటపెట్టిన రెండవ సమాధి ద్వారం పైన వేట దృశ్యం చిత్రించి ఉంది. లోపల దొరికిన బంగారు పెట్టె మూత మీద పదహారు కిరణాల నక్షత్రం. అది ఫిలిప్‌దా, అతని కొడుకు అర్రిడయస్‌దా అన్న వాదం ఇప్పటికీ నడుస్తోంది. పెట్టెను చూసి అందరిలాగే ముందు నేనూ అబ్బురపడ్డాను. "ఇంత ఖర్చు ఎవరు పెట్టారు నాన్నా, చచ్చిపోయినాయన కాదు కదా?" అని మా అమ్మాయి అడిగింది. ముందటి రాజును ఘనంగా పూడ్చినవాడే తరువాతి రాజు అన్నది అక్కడి ఆనవాయితీ. అలెగ్జాండర్ మరణం తరువాత మాసిడోనియాను చేజిక్కించుకున్న, రాజవంశీయుడు కాని కసాండర్ కూడా క్రీ.పూ. 316లో అర్రిడయస్ దంపతులకు ఐగైలో రాజోచితంగా అంత్యక్రియలు జరిపి, పోటీలు కూడా పెట్టించాడు. తన హక్కును ఆ విధంగా లోకానికి చూపించుకున్నాడు.

పక్కనే మూడవ సమాధి ఉంది. అందులో వెండి కలశం, దాని మెడచుట్టూ బంగారు ఓక్ ఆకుల దండ, కలశంలో పదమూడు పదహారేళ్ల మధ్య వయసు బాలుడి అస్థులు దొరికాయి. అతడు అలెగ్జాండర్ కొడుకు నాలుగవ అలెగ్జాండరని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. క్రీ.పూ. 310 ప్రాంతంలో ఆ బాలుణ్ణీ తల్లి రొక్సానానూ చంపించినవాడు కసాండరే. లోపలి గోడ మీద ఎవరో నేర్పరి గీసిన రథాల పందెం ఇప్పటికీ రంగు చెదరకుండా ఉంది.