కమిటీ మాట కాదు, మీ మాట చెప్పండి

ప్రశ్న: మావారు సికింద్రాబాద్‌లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘ కాపరి. రెండేళ్లుగా ఆయన ధోరణి మారింది. మసీదువాళ్లు పిలిస్తే ఇఫ్తార్‌కి వెళ్లారు. క్రిస్మస్ సభలో ఒక హిందూ పండితుడిని, ఒక మౌల్వీగారిని మాట్లాడమన్నారు. ఇద్దరు ట్రాన్స్‌జెండర్లు ఆరాధనకు వస్తుంటే, వాళ్లు స్త్రీల వైపు కూర్చోవచ్చని ఒక ఆదివారం పుల్పిట్ మీద నుంచే ప్రకటించారు. వాళ్లు వచ్చి కూర్చుంటే పక్కనున్న ఆడవాళ్లు జరిగిపోతున్నారు. అప్పటి నుంచి, సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ పెద్దలు "అమ్మగారూ, అయ్యగారికి మీరైనా చెప్పండి" అని నా వెంటపడుతున్నారు. కానుకలు తగ్గాయి. ట్రాన్స్‌ఫర్ చేయిస్తామంటున్నారు. మా అమ్మాయికి కుదరబోయిన సంబంధం వాళ్లు "ఆలోచించి చెబుతాం" అన్నారు. ఆయన చేసేది తప్పని అనలేను, ఒప్పని గట్టిగా చెప్పలేను. రాత్రుళ్లు నిద్ర ఉండడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక అమ్మగారు, సికింద్రాబాద్

జవాబు: "పుల్పిట్ మీద నుంచే ప్రకటించారు" అన్న చోట ఆగి మళ్లీ చదివాను. అంటే ఆ సంగతి సంఘమంతా విన్నప్పుడే మీరూ విన్నారన్నమాట. మీ బాధలో పెద్ద భాగం అక్కడే ఉందని నాకనిపిస్తోంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ మనసులో ఉన్న భయం గురించి.

నా అభిప్రాయం దాచను. ఆయన చేస్తున్నది మంచి పని. ఇఫ్తార్‌లో కూర్చుని నాలుగు ఖర్జూరాలు తిన్నంత మాత్రాన ఎవరి విశ్వాసమూ పోదు. ఇతర మతాల వాళ్లు చెప్పేది వినడం మీవారు కొత్తగా కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. 1971లో ప్రపంచ చర్చిల మండలి మతాల మధ్య సంభాషణ కోసం ఒక విభాగం పెట్టినప్పుడు, దాన్ని మొదట నడిపింది కర్ణాటకకు చెందిన స్టాన్లీ సమర్త. ఆయనా సీఎస్ఐ కాపరే. లాహోర్‌లో 1930లో మొదలైన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ మన హైదరాబాద్‌కు వచ్చి యాభై ఏళ్లు దాటింది. క్రైస్తవులు ఇస్లాంను చదివి అర్థం చేసుకోవడానికి, మతాల మధ్య గొడవలు తగ్గించడానికి అక్కడ పని జరుగుతూనే ఉంది. అసలు సీఎస్ఐ పుట్టిందే 1947లో, అంతవరకు వేరువేరుగా ఉన్న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిస్తే. స్త్రీలు కాపరులుగా అభిషేకం పొందడమేమిటని అడిగినవాళ్లు ఉండగానే, 2013లో నంద్యాల డయాసిస్‌కు (బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి) పుష్పలలిత గారు బిషప్ అయ్యారు.

ఇక ఆ ఇద్దరి సంగతి. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం మీకు నాకంటే బాగా తెలుసు. ఐతియోపీయుడైన నపుంసకుడు "నాకు బాప్తిస్మమివ్వడానికి అడ్డేమిటి" అని అడిగి రథం ఆపించాడు, ఫిలిప్పు దారిలోనే ఇచ్చాడు. మన తెలుగు సంఘాల్లో చాలామంది తాతముత్తాతల్ని ఊరిబావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో చర్చి తలుపు తెరిచి ఉండబట్టే ఇవాళ మనం ఆ బెంచీల మీద కూర్చున్నాం. అదే బెంచీ మీద ఇంకొకరు కూర్చుంటే జరిగిపోతున్నామంటే నాకు చాలా బాధగా ఉంది.

అలాగని జరిగి కూర్చున్న ఆడవాళ్లందరూ చెడ్డవాళ్లని నేననను. సిగ్నల్ దగ్గరో, పెళ్లింటి గుమ్మంలోనో తప్ప ట్రాన్స్‌జెండర్లతో మాట్లాడిన అనుభవం వాళ్లకు లేదు. ప్రకటన చేసే ముందు అయ్యగారు స్త్రీల మైత్రిలో (సంఘంలోని ఆడవాళ్ల కూటంలో) కూర్చుని, వాళ్ల సందేహాలు విని, ఆ ఇద్దరినీ పరిచయం చేసి ఉండాల్సింది. మసీదుకు వెళ్లి వినగలిగిన మనిషి సొంత సంఘం మాట కూడా వినాలి, ఇంట్లో భార్య మాట అంతకంటే ముందు వినాలి. ఇది ఆయనతో నా తరఫున చెప్పినా పరవాలేదు.

కమిటీ పెద్దలకు మాత్రం ఒకే మాట చెప్పండి: "ఆ విషయం ఆయనతోనే కూర్చుని మాట్లాడండి." అంతకుమించి వివరణ వద్దు, ఆయన తరఫున వాదన వద్దు. అమ్మగారికి జీతం లేదు, కమిటీలో ఓటు లేదు, ఫిర్యాదులు మాత్రం అన్నీ ఆమెకే. ఆ పని మీరు ఒప్పుకున్నది కాదు. వాట్సాప్ గ్రూపులో వచ్చేవాటికి జవాబివ్వకండి.

మీవారితో మాట్లాడేటప్పుడు వాళ్ల ఫిర్యాదులతో మొదలుపెట్టకండి. ప్రసంగం సిద్ధం చేసుకునే శనివారం రాత్రి వద్దు, ఆదివారం అలసటలో అసలే వద్దు. సోమవారం కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు, "అందరితో పాటు నేనూ అప్పుడే విన్నాను, అది నాకు కష్టంగా ఉంది" అని చెప్పండి. ఇకమీదట ఇంటిని తాకే నిర్ణయం ఏదైనా ముందు ఇంట్లో చెప్పమని అడగండి. ఆపేయమని అడగడం వేరు, ముందు చెప్పమని అడగడం వేరు. ఆయన చేసే ప్రతిదానికీ మీరు ఆమేన్ అనాల్సిన పనీ లేదు. ఆ ఇద్దరి విషయం సరే అనిపించి, వేదిక మీద మౌల్వీగారు మాట్లాడడం ఇబ్బందిగా ఉంటే అదీ చెప్పండి. మీ సందేహాలు వింటే ఆయనకు సంఘం సందేహాలు అర్థమవుతాయి. మీకు మనసొప్పితే ఒక ఆదివారం వెళ్లి ఆ ఇద్దరి పక్కన కూర్చోండి. ఒప్పకపోతే వద్దు, కమిటీ కోసమో ఆయన కోసమో మాత్రం కూర్చోకండి.

ట్రాన్స్‌ఫర్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. డయాసిస్‌లో కాపరులకు అది ఎటూ తప్పదు, ఎవరో చేయించినా చేయించకపోయినా. నిద్ర సంగతి మాత్రం వదిలేయవద్దు. ఇన్ని రాత్రులుగా నిద్ర లేదంటే డాక్టరుకు చూపించుకోవాలి. సంఘంలో ఎవరికీ తెలియకుండా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అమ్మాయి ఏమంటోందో మీరు రాయలేదు. అబ్బాయివాళ్లు ఏమన్నారో రాశారు. ముందు ఆమెను అడగండి. నాన్న చేసేది ఆమెకు నచ్చితే, ఈ తటపటాయింపు పెళ్లికి ముందే తెలియడం ఆమెకు మేలు. నచ్చకపోతే ఆ మాట కూడా ఇంట్లో ఎవరో ఒకరు వినాలి. ఆ తర్వాత అబ్బాయివాళ్లకు మీరిద్దరూ కలిసి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పండి. అబ్బాయి ఏమనుకుంటున్నాడో అమ్మాయినే నేరుగా అడగనివ్వండి.